యాదగిరి సారు పిత్తాశయం సాక్షిగా

హైదరాబాదు వెళ్లొచ్చామని చెప్పగానే మా పాలకొల్లులో ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: చార్మినార్ చూశారా? చూడలేదండీ. మేం చూసింది మేడ్చల్‌లో ఒక రేకుల షెడ్డు, తుర్కపల్లిలో ఒక కంపెనీ వెనక గేటు, శామీర్‌పేటలో ఒక చేపల బండి, లాల్‌గడి మలక్‌పేట్‌లో ఒక పెద్దాయన పిత్తాశయం. అవును, పిత్తాశయమే. కాలేయం కింద ఉండే చిన్న సంచి. చార్మినార్ ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా చూడొచ్చు. ఆ పిత్తాశయం మాత్రం అయిపోవచ్చింది. అందుకని నేను చూసిందే అరుదైనదని నా వాదన.

అసలు ఎందుకు వెళ్లామో చెప్పాలి. నా పేరు సత్యవతి. మా ఊళ్లో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. మా డాక్టరు గారు పాథాలజీ చదివినాయనే కానీ, ఇన్నేళ్లుగా షుగరు, థైరాయిడు, డెంగీ తప్ప వేరే పని పెట్టుకోలేదు. ఊళ్లో సర్జన్లు ఎవరి ఒంట్లోంచైనా గడ్డ ముక్క తీస్తే దాన్ని సీసాలో వేసి పట్నానికి పంపిస్తాం. రిపోర్టు రావడానికి పది పన్నెండు రోజులు. ఈమధ్య కొబ్బరి పీచు పనికి వెళ్లే ఒకావిడ రొమ్ములో గడ్డ ముక్క అలాగే పంపించాం. ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి మా బల్ల మీద కూర్చునేది. "వచ్చిందాండీ?" అని ఒక్క మాట అడిగేది. రాలేదంటే లేచి పనికి పోయేది. చివరికి భయపడాల్సిందేం లేదని వచ్చింది. కానీ ఆ పన్నెండు రోజులూ ఆవిడ మొహం చూడలేక నేను కంప్యూటరు వెనక దాక్కునేదాన్ని. ఆ వారమే డాక్టరు గారు నన్ను పిలిచి, "ఈ పరీక్ష మనమే మొదలెడదామమ్మా. ముక్కలు పొరలుగా కోయడం నీకొచ్చుగా?" అన్నారు.

"నిద్రలో లేపి అడిగినా కోస్తాను సార్," అన్నాను.

"అయితే స్లైడు నా ముందు పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను," అన్నారాయన, నాకంటే ధైర్యంగా.

ఆ ఊపులో వచ్చే బుధవారం ప్రారంభోత్సవమని బ్యానరు కూడా కొట్టించేశారు. నేను చెప్పనిది ఒకటుంది. విశాఖలో పెద్దాసుపత్రిలో చేసిన రోజుల్లో కోసిన మాట నిజమే. పెళ్లయి పాలకొల్లు వచ్చాక పదకొండేళ్లుగా నేను సన్నగా కోసింది బెండకాయలనే. చేతికి పని గుర్తుందో లేదో నాకే తెలీదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. కోయలేకపోతే ఉన్న పరువూ పోతుంది, రేపొచ్చే రోగి ముక్కా పాడవుతుంది. ఆ భయం కడుపులో పెట్టుకునే బయల్దేరాను.

బస్సు ఇంజను మీద మా పరువు

ఈ విద్య గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒంట్లోంచి తీసిన ముక్క మెత్తగా ఉంటుంది, అలాగే కోస్తే నలిగిపోతుంది. అందుకని ముందు ఫార్మలిన్ అనే మందులో ఊరబెట్టి, తర్వాత ఆల్కహాలులో నీరంతా లాగేసి, జైలీన్ అనే ఘాటు ద్రవంలో ఆ ఆల్కహాలూ పోగొట్టి, చివరికి కరిగించిన మైనం పట్టించి దిమ్మ కడతాం. మా ఆయన ప్రసాద్ టైలరు. ఆయన భాషలో చెప్పాలంటే, జారిపోయే బట్టకు గంజి పెట్టి కత్తిరించడం అన్నమాట. ఆ దిమ్మను మైక్రోటోమ్ అనే యంత్రానికి బిగించి, చక్రం తిప్పుతూ పొరలు పొరలుగా కోయాలి. ఉల్లిపొర కూడా ఆ పొర ముందు గోనెపట్టాలా ఉంటుంది. పొరల అంచులు ఒకదానికొకటి అతుక్కుని నాడాలా సాగుతూ రావాలి. దాన్ని గోరువెచ్చని నీళ్ల మీద పరిచి, స్లైడు అనే గాజుపలక మీదికి ఎత్తి, రంగు వేస్తే అప్పుడు డాక్టరు చూస్తారు.

కొత్త మైక్రోటోమ్ మా ల్యాబుకు అందని ధర. తుర్కపల్లి చుట్టుపక్కల మందుల కంపెనీలు కొత్తవి కొనుక్కుని పాతవి అమ్మేస్తాయనీ, మేడ్చల్‌లో శ్రీశైలం అనే ఆయన అవి కొని బాగుచేసి అమ్ముతాడనీ తెలిసింది. యంత్రం కొనేముందు మన దిమ్మతో మనమే కోసి చూసుకోవాలి. ఇది ఈ పనిలో మొదటి పాఠం. నేను శ్రద్ధగా మూడు దిమ్మలు తయారుచేసుకున్నాను: కోడి కాలేయం, మేక కాలేయం, మేక మూత్రపిండం.

"కూర వండుకునేవాటిని ఇలా మైనంలో ముంచావేంటి?" అని మా ఆయన బాధపడ్డాడు. ఆయన నాకు సాయంగా వచ్చాడని మీరు అనుకోవద్దు. బిర్యానీ కోసం వచ్చాడు.

రైల్లో దిమ్మలు భద్రంగానే ఉన్నాయి. సికింద్రాబాదులో మేడ్చల్ బస్సు ఎక్కాక ఇసకేస్తే రాలనంత జనం. స్టీలు డబ్బా నలిగిపోతుందేమోనని తెలివిగా డ్రైవరు పక్కన ఉన్న ఎత్తైన మూత మీద పెట్టాను. మే నెల. ఆ మూత కింద ఇంజను. కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులు వరుసగా రోడ్డెక్కడంతో మా బస్సు అరగంట కదల్లేదు, ఇంజను మాత్రం ఆగలేదు. మేడ్చల్‌లో దిగి డబ్బా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మూత తీస్తే మూడు దిమ్మలూ కలిసి ఒకే చారు. అందులో మూడు ముక్కలు తేలుతున్నాయి. ఏది కోడో ఏది మేకో వాటికే తెలియాలి.

"తాళింపు ఒకటే తక్కువ," అన్నాడు మా ఆయన. పబ్లిక్కులో ఉన్నాం కాబట్టి ఊరుకున్నాను.

మేడ్చల్: కొవ్వొత్తి పరీక్ష

శ్రీశైలం షెడ్డు చూస్తే కంపెనీలన్నీ ఇల్లు ఖాళీ చేసి సామాను ఇక్కడ పారేసి పోయాయా అనిపిస్తుంది. పెద్ద ఫ్రిజ్‌లు, తిరగని ఫ్యాన్లు, చక్రాల కుర్చీలు, పేరు తెలియని గాజు గొట్టాలు. మనిషి నలభై ఏళ్లుంటాడు, చేతికి ఎప్పుడూ గ్రీజు.

"రార్రి మేడమ్, రార్రి సార్. ముందుగాల చాయ్ తాగుర్రి," అని కూర్చోబెట్టాడు. మా వైపు ఎవరైనా వస్తే ముందు మంచినీళ్లు, తర్వాత కుశలం, ఆఖర్న కాఫీ. ఇక్కడ చాయ్ చేతిలో పడేదాకా మాటే మొదలవదు. చిక్కగా, తియ్యగా, గొంతు పట్టుకునేలా ఉంది. పదిహేను రూపాయలట. మా ఊళ్లో ఆ ధరకు దాదాపు రెట్టింపు గ్లాసు వస్తుంది కానీ ఇంత చిక్కన ఉండదని ఒప్పుకోవాలి.

"ఇదేంటండీ?" అని ఒక పెట్టె చూపించి అడిగాను.

"గది ఏంది అని నన్ను అడుగకుర్రి మేడమ్. పని చేస్తాందా అని అడుగుర్రి. నేను సద్విన్నది ఎనిమిదో తరగతి, కానీ నా షెడ్‌ల ఉన్నయన్నీ పీహెచ్‌డీ మిషన్లు."

మైక్రోటోమ్ మూలన బట్ట కప్పుకుని ఉంది. బట్ట తీయగానే గుర్తుపట్టాను. విశాఖలో నేను కోసిన రకమే. మా ఆయన ముందుకొచ్చి చక్రం రెండు చుట్లు తిప్పి, చెవి ఆనించి విని, "మంచి మిషన్. కుట్టు మిషన్‌కి అన్నలాంటిది," అని జేబులోంచి నూనె సీసా తీశాడు. టైలర్లకు ఇదొక జబ్బు, తిరిగేది ఏది కనబడినా నూనె వేస్తారు. నూనె కత్తికి తగిలితే పొరల మీదికి పాకుతుంది. నేను కేక పెట్టాను. సీసా జేబులోకి వెళ్లింది.

"కోసి చూపిస్త సూడుర్రి," అని శ్రీశైలం ఒక కొవ్వొత్తి ముక్క బిగించి చక్రం తిప్పాడు. తెల్లటి నాడా జలజలా వచ్చింది. ఒక్క చీలిక లేదు. నేను చప్పట్లు కొట్టినంత పనిచేశాను. పదకొండేళ్ల కిందటి సంగతి అక్కడే గుర్తుకు రావాల్సింది: ఉత్త మైనాన్ని ఏ యంత్రమైనా కోస్తుంది. లోపల కండ, కొవ్వు, పొర ఉన్న ముక్క పడితేనే దాని అసలు రంగు బయటపడేది. గుర్తుకు రాలేదు. "తీసుకుంటామండీ, అడ్వాన్సు ఇమ్మంటారా?" అన్నాను.

శ్రీశైలం చెవులు పట్టుకున్నాడు. "గిప్పుడే వద్దు మేడమ్. రేపు లాల్‌గడి మలక్‌పేట్‌ల యాదగిరి సారు సూస్తడు. సారు ఊ అంటెనే నేను పైసలు ముట్టుత. గీ మిషన్ల కాడ మా దిక్కు గదే రివాజు."

"ఆయన ఎవరండీ?"

"ముప్పై ఏండ్లు దవాఖాన్ల గిదే పని జేసిండు. రిటైరై కూరగాయలు పండిస్తుండు. ఆయన తన పిత్తాశయం పెట్టి కోసి సూస్తడు."

"ఎవరి పిత్తాశయం?"

"తనదే."

మా ఆయన నా వైపు చూశాడు. నేను చాయ్ వైపు చూశాను.

ఆ రాత్రి హోటల్లో అన్నంతో పచ్చిపులుసు వడ్డించారు. పొయ్యి ఎక్కని పులుసు: చింతపండు రసంలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి. మా వైపు పులుసంటే బెల్లం వేసి గంటసేపు మరిగించాల్సిందే. మొదటి ముద్దకు మొహం చిట్లించి, మూడో ముద్దకు మళ్లీ పోయమన్నాను. మా ఆయన మాత్రం బిర్యానీతో మాట్లాడుకుంటూ ఉన్నాడు.

తుర్కపల్లి వెనక గేటు

మర్నాడు శ్రీశైలం ట్రాలీ ఆటోలో యంత్రాన్ని పాత పరుపు మీద పడుకోబెట్టి, దాని పక్కన మా ఆయన్ని కూర్చోబెట్టి బయల్దేరాడు. నేను ముందు సీట్లో. దారిలో తుర్కపల్లిలో ఒక కంపెనీ వెనక గేటు దగ్గర ఆగి, నీళ్లు వెచ్చబెట్టే తొట్టి ఒకటి ఎక్కించుకోవాలట. ముందు గేటు నుంచి కంపెనీ క్యాబుల్లో మెడలో కార్డులేసుకున్న పిల్లలు నిద్రపోతూ లోపలికి వెళ్తున్నారు. వెనక గేటు నుంచి వాళ్లు వాడి వదిలేసినవి బయటికొస్తున్నాయి. నాకు వెనక గేటే నచ్చింది.

"మేడమ్, మైనం గూడ గావాల్నా? కొవ్వొత్తుల కార్ఖానాలది బండ్లనే ఉంది, అగ్గువకు ఇస్త. బ్లేడ్లు ఉన్నయి, డబ్బా పగిలినయి, సగం ధరకే," అన్నాడు శ్రీశైలం.

నాకు నోరూరింది. తక్కువ ధర అనగానే నేను మనిషిని కాను. రెండు మూటలు కట్టించుకున్నాను. ఆ మూటల గతి ఏమైందో ముందుముందు మీకే తెలుస్తుంది.

లాల్‌గడి మలక్‌పేట్: ఫ్రిజ్‌లో మనిషి

ఊరి చుట్టూ ప్లాట్లకు వేసిన రంగురంగుల జెండాలు. వాటి మధ్యలో యాదగిరి సారు వంకాయ తోట పట్టుదలగా నిలబడి ఉంది. సారు సన్నగా, పొడుగ్గా, లుంగీ మీద పాత తెల్లకోటు వేసుకుని ఎదురొచ్చారు. యంత్రాలు చూసే రోజున కోటు వేసుకుంటారట.

ఆయన భార్య బాలమణి గారు నన్ను చూడగానే, "నువ్వు గూడ గదే పని జేస్తవా బిడ్డా? అయ్యో," అన్నారు. అంత జాలిగా నన్ను ఎవరూ చూడలేదు.

సారు ఫ్రిజ్ తలుపు తీసి, గుడ్లు పెట్టుకునే అరలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెచ్చారు. అందులో పసుపుపచ్చ చట్రం మీద మైనం దిమ్మ, దాంట్లో గోధుమరంగు ముక్క. "పన్నెండేండ్ల కింద రాళ్లు పడ్డయని తీసిర్రు. నేను పని జేసే దవాఖాన్లనే. నా పిత్తాశయాన్ని నేనే కోసిన, నేనే రంగేసిన. ఆపరేషన్ అయిన పదో దినమే. డాక్టర్లు నవ్విర్రు. పాత దిమ్మలు పారేసేటప్పుడు దీన్ని అడిగి తెచ్చుకున్న. దీంట్ల కండ ఉంటది, సన్నపొర ఉంటది. గీ రెండిటిని చింపకుంట కోసిన మిషనే మిషన్."

"ఇప్పటిదాకా ఎన్ని యంత్రాలు చూశారు సార్?"

"లెక్క పెట్టలే బిడ్డా. మస్తు. చిక్కుడుగింజంత ఉండె, గిప్పుడు గోరంత అయింది."

"అయిపోతే మంచిదే," అన్నారు బాలమణి గారు. "గా అరల నిమ్మకాయలు పెట్టుకుంట. సుట్టాలొచ్చి సల్లనీళ్లకు ఫ్రిజ్ తెరిస్తే ఈయన పిత్తం కనవడ్తది."

సారు కళ్లు మూసుకుని చక్రం తిప్పి చూశారు, దిమ్మ బిగించే చోట వేలితో ఊపి చూశారు. "ఊగులాట లేదు, మంచిగుంది," అని శ్రీశైలం వైపు తలూపారు. తర్వాత నా మూటలు విప్పించారు. కొవ్వొత్తుల మైనం వాసన చూసి పక్కన పెట్టారు. "ఇది దేవుని కాడ ముట్టియ్యి, ల్యాబ్‌ల వద్దు. చలికాలం పెళుసైతది, ఎండకాలం మెత్తబడ్తది. ముక్కకు పట్టదు." బ్లేడు ఒకటి వెలుతురుకు పట్టి చూసి, "తుప్పు సుక్క ఉంది. ఒక్క సుక్క చాలు, అన్ని పొరల మీద గీత వడ్తది. బిడ్డా, తొట్లు, డబ్బాలు, బల్లలు పాతయి కొను, పర్వలేదు. మైనం, బ్లేడు, గాజుపలక కొత్తయి కొను. పైసలు మిగిలితే కిటికీకి గాలి బయటికి గుంజే ఫ్యాన్ పెట్టిచ్చు, గా జైలీన్ వాసన పీల్చి నా ముక్కు వోయింది." పెన్నుతో పేర్లు రాయొద్దనీ, మందుల్లో సిరా కొట్టుకుపోతుందనీ, పెన్సిలే వాడమనీ చెప్పారు. ముక్క ఎంతుంటే దానికి పదింతలు ఫార్మలిన్ పోయమని మా సర్జన్లకు గట్టిగా చెప్పమన్నారు. నేను రాసుకున్నాను. శ్రీశైలం మూటలు మళ్లీ కట్టుకున్నాడు, పాపం.

"ఇగ కోద్దాం. ఐస్ తేవే," అన్నారు సారు.

"కరెంటు వొయ్యి గంటైంది. ఏడిది ఐస్?" అన్నారు బాలమణి గారు.

దిమ్మను ఐసు మీద చల్లబరచకుండా కోయడమంటే, కరిగిన వెన్నను తరగడమే. అదీ మే నెలలో. నన్నూ శ్రీశైలాన్నీ శామీర్‌పేటకు తరిమారు.

శామీర్‌పేట: ఐసుకు తోడు చేప

రోడ్డు పక్క చేపల బళ్లు. ఒక బండి దగ్గర ముదురు నీలం చీరలో ఒకావిడ కత్తిపీట మీద చేప పొలుసు తీస్తోంది. "ఐసు కావాలండీ, ఒక కిలో," అన్నాను.

"ఐస్ నీకిస్తే నా చేపలు ఏం గావాలె? చేప కొను, ఐస్ వేస్త."

ఇక్కడ రవ్వ, బొచ్చె, కొర్రమట్ట. అన్నీ చెరువు చేపలే. మా పాలకొల్లువాళ్లకు చేప దగ్గర గర్వం ఎక్కువ. మొప్ప ఎత్తి చూసి, కన్ను చూసి, వేలితో నొక్కి చూసి, "నిన్నటిదాండీ?" అన్నాను.

ఆవిడ కత్తిపీట మీదనుంచి లేచింది. "పొద్దుగాల మా ఆయన పట్టిండు. నీ లెక్క గీడ ఎవ్వలు నొక్కరు. ఇగ సూడు, గుంత వడ్డది. గా చేప నీదే."

కొన్నాను. రెండు కిలోల రవ్వ. ఐసు సంచిలో వేస్తూ ఆవిడ, "గింత ఐస్ ఎందుకు?" అంది. ఎలా చెప్పాలో తెలియక నేను నసుగుతుంటే, శ్రీశైలం, "యాదగిరి సారు ఇంటికి," అన్నాడు.

"ఓ, సారు పిత్తం సల్లవెట్టనీకా? ముందే జెప్తే అయిపోతుండె గదా!" అని ఆవిడ ఇంకో రెండు దోసిళ్లు ఉత్తినే వేసింది. చేప డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు.

మళ్లీ మలక్‌పేట్: నా చెయ్యి

వరండాలో బల్ల మీద యంత్రం, పక్కన బాలమణి గారి గిన్నెలో వేడినీళ్లు. వేలు పెట్టి చూస్తే పసిపిల్లకు స్నానం పోసే వేడి ఉండాలి, అదే కొలత. దిమ్మ ఐసు మీద పావుగంట కూర్చుంది.

"నువ్వు కొయ్యి," అన్నారు సారు. "రేపటి సంది కోసేది నువ్వే గద."

కూర్చున్నాను. చక్రం మీద చెయ్యి వేశాను. మొదటి పొర చుట్టుకుపోయి రాలిపడింది. రెండోది మందం. మూడోది పలచన. నాలుగో దాని మీద మెట్లు మెట్లుగా గీతలు. ఐదోది రానే లేదు. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. ఒక మనిషి పన్నెండేళ్లు దాచుకున్న ఒంటి ముక్కను నేను పొడి చేసి పారేస్తున్నాను.

"ఈ మిషన్ పనికిరాదండీ," అన్నాను గట్టిగా. "బ్లేడు బిగింపు వదులు. చక్రం కూడా సరిగా లేదు."

శ్రీశైలం మొహం మాడిపోయింది. "మేడమ్, నిన్న మంచిగనే కోసింది గద?" అన్నాడు మెల్లగా. యాదగిరి సారు నన్ను లేపి తాను కూర్చున్నారు. ఒక్క మర కూడా బిగించలేదు. పైపొర ఒక్కటే కాస్త మెత్తబడేలా దిమ్మ మీద నోరు తెరిచి హా అని ఒకసారి వెచ్చగా ఊదారు, చక్రం తిప్పారు. పొర వెనక పొర, ఎనిమిది పొరల నాడా వచ్చింది. పిల్లలు బొమ్మలకు రంగులేసే కుంచె కొసతో దాన్ని ఎత్తి నీళ్ల మీద వదిలారు. ముడత లేకుండా పరుచుకుంది.

నాకు భూమిలోకి పోవాలనిపించింది.

"ఎన్నేండ్లయింది బిడ్డా కోసి?" అన్నారాయన, గిన్నెలోంచి చూపు ఎత్తకుండా.

"ఈమధ్య కాస్త గ్యాప్ వచ్చిందండీ."

"ఎన్నేండ్లు?"

"పదకొండు."

మా ఆయన తల ఇటు తిప్పాడు. ఆయనకూ చెప్పలేదు నేను, మా డాక్టరు గారికి ఏం చెప్పానో.

"శ్రీశైలం గారూ, మిషన్‌ది తప్పు కాదండీ. నాదే," అన్నాను. ఆయన అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

"కూసో," అన్నారు సారు. "చక్రం సగంల ఆపుతున్నవు. కోస్తదో కోయదో అని భయపడి ఆపుతున్నవు. ఆపిన కాడ గీత వడ్తది. మంచో చెడో, సుట్టు పూర్తి చెయ్యాలె."

"కుట్టు మిషన్ నేర్పినప్పుడూ ఇంతేనండీ," అని మా ఆయన అందుకున్నాడు. "సూది గుచ్చుకుంటుందని సగంలో తొక్కడం ఆపేసేది. నా చొక్కా మీద నేర్చుకుంది, ఆ చొక్కా ఇప్పటికీ ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లతోనే. మళ్లీ చక్రం పట్టుకున్నాను. రెండుసార్లు చెడింది. మూడోసారి దిమ్మ మీద ఊది, కళ్లు యంత్రం మీద కాకుండా చెవులు దాని చప్పుడు మీద పెట్టి తిప్పాను. నాలుగు పొరలు వరుసగా వచ్చాయి. మూడో దాంట్లో చిన్న చిరుగు. అయినా నాడాయే.

"మిషన్ మంచిది, తీస్కపో," అన్నారు సారు. "నువ్వు గూడ మంచిదానివే, కానీ గిప్పుడే గాదు. కోడి కార్జం, మేక కార్జం తెచ్చుకో. దినాం యాభై పొరలు కొయ్యి, పది దినాలు. నా పిత్తం పాడైతే నాకేం ఫికర్ లేదు. మనిషి కాడ తీసిన ముక్క బియ్యపు గింజంత ఉంటది. గది నువ్వు చెడగొడ్తే మల్ల ఏడికెల్లి తెస్తవు?"

దిమ్మలో మిగిలింది ఇప్పుడు గోరంత కూడా కాదు.

"ఇదయిపోతే మా మిషన్లు ఎట్ల సార్?" అని శ్రీశైలం దిగులుపడ్డాడు.

"మా బామ్మర్దికి అపెండిక్స్ తీసిర్రు. అడుగుతున్న. ఇస్తలేడు," అన్నారు సారు.

రవ్వ చేప పులుసు బాలమణి గారు జొన్నరొట్టెతో పెట్టారు. కారం మా వైపు కంటే ఎక్కువ, పులుపు తక్కువ. నేను వేలితో గుంత పెట్టిన ముక్క మా ఆయన కంచంలోనే పడింది. చేప తాజాదే, నిజం చెప్పాలిగా.

మూడో రోజు: మేడ్చల్ బస్టాండు

యంత్రాన్ని చెక్కపెట్టెలో గడ్డి కూరి కట్టించి, బస్టాండులో చాయ్ ముందు కూర్చున్నాం. బుధవారానికి నాలుగు రోజులుంది. ప్రారంభోత్సవం రోజునే ఒక సర్జన్ మొదటి ముక్క పంపుతానని డాక్టరు గారికి మాటిచ్చాడు. ఆ ముక్క ఎవరిదో నాకు తెలీదు. ఎవరో ఒకరు రోజూ పొద్దున్నే వచ్చి మా బల్ల మీద కూర్చుంటారని మాత్రం తెలుసు.

"మిషన్‌లో చిన్న రిపేరు ఉందని చెప్పు. పది రోజులు దానంతటదే గడుస్తుంది," అన్నాడు మా ఆయన. ప్రేమతోనే అన్నాడు. నాకూ అదే తోచింది. కానీ ఆ యంత్రాన్ని నిన్న ఒకసారి నిందించాను, మళ్లీ నిందించడానికి మనసొప్పలేదు. ఫోన్ తీశాను. డాక్టరు గారికి కలిపాను.

"సార్, మిషన్ దొరికింది. చాలా బాగుంది. బాగాలేనిది నా చెయ్యే. నేను కోసి పదకొండేళ్లయింది సార్, మీకు చెప్పకుండా గొప్పలకు పోయాను. బుధవారం వద్దు. నాకు పది రోజులు కావాలి."

కట్టయిందేమోనని తెర చూశాను. లేదు, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. ఉద్యోగం పోయింది అనుకున్నాను. మా ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"పది రోజులు సరిపోతాయా అమ్మా?" అన్నారు డాక్టరు గారు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

"సరిపోతాయి సార్. రోజుకు యాభై కోస్తాను."

"నీకు కాదమ్మా, నాకు. నేనిలాంటి స్లైడు చదివి నీకంటే ఎక్కువ ఏళ్లయింది. నువ్వు బయల్దేరిన దగ్గర్నుంచీ పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. మిషన్ దొరక్కపోతే బాగుణ్ణని కూడా అనుకున్నాను. నెల రోజులు తీసుకుందాం. నువ్వు రోజూ కోసే ఆ యాభైలో ఒక్కటీ పారేయకు, అన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టు."